ఖర్జూరపు కేకు: ఒక ట్రే, 24 వాటాలు

రంజాన్ మాసం ముగిసి, పండుగ సందడి సద్దుమణిగిన తరువాత మన ఇళ్ళలో అల్మారా తెరచి చూస్తే తరచుగా కనిపించే వస్తువు ఒకటుంది. అది సగం ఖాళీ అయిన ఖర్జూరాల డబ్బా. ఇఫ్తార్ కోసం మనం కొన్నవి కొన్ని, బంధుమిత్రులు పంపినవి కొన్ని, ఉమ్రా నుండి తిరిగి వచ్చినవారు జమ్‌జమ్ నీటితో పాటు ఇచ్చినవి మరికొన్ని. నెల పొడుగునా ప్రతి సాయంకాలం అన్నిటికన్నా ముందుగా మన నోటికి అందిన ఆ పండు, షవ్వాల్ నెలవంక కనిపించగానే మూలపడుతుంది. గాలి తగిలి తొక్క ముడతలు పడుతుంది, గుజ్జు గట్టిపడుతుంది, పిల్లలు దానివైపు చూడడం మానేస్తారు. కొన్ని వారాల తరువాత అది చీమల పాలో, చెత్తబుట్ట పాలో అవుతుంది.

ఆ ఖర్జూరాలు వృథా కాకుండా ఒక మంచి తీపి వంటకంగా మారే మార్గాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. ట్రేలో పరచి ఓవెన్‌లో కాల్చి, పైన వేడి వేడి బెల్లపు సాస్ పోసి, చదరపు ముక్కలుగా కోసి పంచే ఖర్జూరపు కేకు అది. దీనిని ఎంచుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. క్రీముతో అలంకరించిన గుండ్రని కేకు సాధారణంగా ఒకరి పేరు మీద తయారవుతుంది. ట్రే కేకు పంచడానికే తయారవుతుంది. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల ట్రేను 5 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే సరిగ్గా 24 ముక్కలు వస్తాయి. పెద్దలకూ పిన్నలకూ, ఇంటివారికీ పొరుగువారికీ ఒకే కొలత.

అయితే ఆ 24 ముక్కలను 24 మందీ నిశ్చింతగా తినగలగాలి. అందుకు పిండి కలపడానికి ముందే కొంత ఆలోచన కావాలి. మనం ఏమి తినమో మనకు తెలుసు. మన వీధిలో ఉన్నవారు ఏమి తినరో కూడా తెలిసి ఉన్నప్పుడే మనం పంపే పళ్ళెం వారికి నిజమైన వాటా అవుతుంది.

ఎడారి పండు, ఇంగ్లండు ట్రే

ఈ కేకుకు మూలం ఇంగ్లండులో ‘స్టికీ టాఫీ పుడ్డింగ్’ పేరుతో ప్రసిద్ధి చెందిన వంటకం. ఆ దేశపు వాయవ్య భాగంలో లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల ప్రాంతం ఉంది. అక్కడ అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఉన్న షారో బే హోటల్‌లో ఫ్రాన్సిస్ కూల్సన్ అనే వంట నిపుణుడు 1970లలో దీనిని వడ్డించి పేరు తెచ్చాడు. దీనిని మొట్టమొదట ఎవరు చేశారన్న విషయంలో అక్కడివారిలోనే ఏకాభిప్రాయం లేదు. మనకు ఆసక్తి కలిగించే విషయం వేరు. చలి, వాన, మంచు గల ఆ నేలలో ఖర్జూరపు చెట్టు కాపుకు రాదు. ఇంగ్లండువారు తమదని గర్వంగా చెప్పుకునే ఈ తీపి వంటకానికి ప్రాణం పోసింది ఓడలెక్కి వచ్చిన ఎడారి పండే.

‘ట్రేబేక్’ అనే అలవాటు కూడా ఆ దేశానిదే. బడులలోనూ, సామాజిక భవనాలలోనూ, ఏదైనా మంచి పనికి నిధులు సేకరించడానికి జరిగే అమ్మకాలలోనూ ఇళ్ళ నుండి ఇలాంటి ట్రేలు వస్తాయి. అలంకరణ అక్కరలేదు, పొరలు పేర్చనక్కరలేదు. ఒకే పాత్రలో కలిపి, ఒకే ట్రేలో కాల్చి, కత్తితో గీతలు గీస్తే చాలు.

కేకు అనగానే అది మన వంటింటికి సంబంధించిన విద్య కాదని సంకోచించే సోదరీమణులకు నదియా హుస్సేన్ ఉదాహరణ చాలు. బంగ్లాదేశ్ మూలాలు గల ముస్లిం కుటుంబంలో పుట్టి, ఇంగ్లండులోని ల్యూటన్ పట్టణంలో పెరిగిన ఆమె 2015లో బీబీసీ ప్రసారం చేసిన ‘ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ పోటీలో విజేతగా నిలిచారు. తన పుట్టింట్లో ఓవెన్‌ను గిన్నెలు దాచుకోవడానికే వాడేవారని, కేకు చేయడం బడిలో నేర్చుకున్నానని ఆమె చెప్పుకున్నారు. 2016లో రాణి రెండవ ఎలిజబెత్‌కు 90 ఏళ్ళు నిండిన సందర్భంగా నారింజ కేకు తయారుచేసే పని ఆమెకే అప్పగించారు. గిన్నెల అల్మారాగా మిగిలిపోయిన ఓవెన్ మన ఇళ్ళలోనూ ఉంది. దానిలోని గిన్నెలను ఒక పూట బయట పెడదాము.

ముందుగా చూసుకోవలసినవి

బజారులో దొరికే కేకుల విషయంలో మన కుటుంబాలకు కలిగే సందేహాలు తెలిసినవే. ఎండిన పండ్లతో చేసే కొన్ని కేకులలో ఆ పండ్లను రమ్‌లో నానబెడతారు. కొన్ని క్రీములలో, పైపూతలలో జెలటిన్ కలుస్తుంది. దానిని జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి తీస్తారు. ఎరుపు రంగు కోసం వాడే కార్మైన్ అనే పదార్థం, అంటే పొట్లం మీద 120 అనే సంఖ్యతో కనిపించేది, పురుగుల నుండి వస్తుంది. 471 అనే సంఖ్య గల పదార్థం నూనెగింజల నుండి రావచ్చు, జంతువుల కొవ్వు నుండి రావచ్చు. మన దేశంలో పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంటే దానిలో పాలు, పాల ఉత్పత్తుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప జంతు సంబంధమైన పదార్థాలు లేవని అర్థం. కాని ఆ చుక్క మద్యం గురించి ఏమీ చెప్పదు. ఈ తేడా చాలామంది గమనించరు.

వెనీలా సంగతి ఇక్కడే వస్తుంది. అసలైన వెనీలా సారాన్ని ఆల్కహాలులో తీస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం ఆ పేరుతో అమ్మే సారంలో కనీసం 35 శాతం ఆల్కహాలు ఉండాలి. మన దుకాణాలలో దొరికే ఎసెన్సుల తయారీ పద్ధతులు వేరువేరుగా ఉంటాయి గనుక సీసా మీది వివరాలు చదవడం ఒక్కటే దారి. ఖర్జూరపు కేకుకు వెనీలా అవసరమే లేదు. యాలకుల పొడి, చిటికెడు శొంఠి వేస్తే ఖర్జూరానికీ బెల్లానికీ అవే చక్కగా నప్పుతాయి. సందేహానికి తావు లేని పరిమళం మన పోపుల పెట్టె పక్కనే ఉండగా సీసా వెతకడం దేనికి?

ఇది మన వైపు జాగ్రత్త. పొరుగువారి వైపు జాగ్రత్త కూడా ఇంత ముఖ్యమైనదే. మన వీధిలో గుడ్డు ముట్టని కుటుంబాలు ఉంటాయి. ‘కేకులో గుడ్డు కనిపించదు కదా’ అని చెప్పకుండా ఇవ్వడం అమానతుకు విరుద్ధం. మనకు తెలియకుండా మన చేత నిషిద్ధ వస్తువును తినిపిస్తే మనకెంత బాధ కలుగుతుందో వారికీ అంతే. అందుకే ఈ కేకును గుడ్లతో చేసే పద్ధతిని, గుడ్లకు బదులు పెరుగుతో చేసే పద్ధతిని రెండింటినీ ఇస్తున్నాము. వీధి అంతటికీ పంచే ట్రే అయితే పెరుగుతో చేయడమే మేలు. పంపేటప్పుడు ‘అక్కా, ఇందులో గుడ్డు లేదు, పెరుగుతో చేశాము’ అని ఒక మాట చెప్పించాలి.

మాంసం వండే వంటింట్లో తయారైన దేనినీ తీసుకోని ఇళ్ళు కూడా కొన్ని ఉంటాయి. అది వారి నియమం, మన పట్ల ద్వేషం కానక్కరలేదు. అలాంటివారికి కేకు ఇచ్చి ఇబ్బంది పెట్టే బదులు గింజ తీయని మంచి ఖర్జూరాలను ఒక పొట్లంగా కట్టి పంపవచ్చు. వాటా వాటాయే, రూపం మారింది అంతే.

కావలసిన పదార్థాలు

కేకు కోసం:

గింజలు తీసిన ఖర్జూరాలు 250 గ్రాములు. మరుగుతున్న నీళ్ళు 300 మిల్లీలీటర్లు. వంటసోడా 1 టీస్పూను. ఉప్పు లేని వెన్న 120 గ్రాములు. బెల్లం పొడి లేదా మెత్తని తురుము 175 గ్రాములు. గుడ్లు 3, లేదా పులవని చిక్కటి పెరుగు 200 గ్రాములు. మైదా 250 గ్రాములు. బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు. యాలకుల పొడి అర టీస్పూను. శొంఠి పొడి పావు టీస్పూను. ఉప్పు పావు టీస్పూను.

సాస్ కోసం:

బెల్లం 200 గ్రాములు. నీళ్ళు 4 టేబుల్ స్పూన్లు. వెన్న 75 గ్రాములు. ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు. చిటికెడు ఉప్పు.

మైదా వద్దనుకునేవారు సగం మైదా, సగం గోధుమపిండి కలుపుకోవచ్చు. కేకు కొంచెం బరువుగా వస్తుంది, రుచి తగ్గదు. ఖర్జూరాలలో ఏ రకమైనా పనికి వస్తుంది. మదీనా నుండి ప్రేమతో తెచ్చిన అజ్వా ఖర్జూరాలను మాత్రం ఉడికించి నలపకుండా అలాగే తినడం మంచిది. గట్టిపడిపోయిన సాధారణ రకాలకు ఈ వంటకం తగినది. గింజ తీసేటప్పుడు ప్రతి పండునూ చీల్చి లోపల చూడాలి. చాలాకాలం నిలవ ఉన్న ఖర్జూరాలలో పురుగు చేరే అవకాశం ఉంది.

బెల్లం ఎంపికలోనూ ఒక జాగ్రత్త. మెరిసే పసుపు రంగు చూసి మోసపోకూడదు. బెల్లానికి ఆ తేలిక రంగు తేవడానికి ‘హైడ్రోస్’ అనే రసాయనాన్ని కలిపే అలవాటు ఉంది. ముదురు గోధుమ రంగు గల అనకాపల్లి బెల్లం గాని, తాటి బెల్లం గాని తీసుకుంటే ఈ సాస్‌కు కావలసిన గాఢమైన రుచి వస్తుంది. ఇంగ్లండులో ఇందుకు మొలాసిస్ కలిసిన ముదురు చక్కెర వాడుతారు. వారు చక్కెరకు తిరిగి చేర్చుకునే ఆ రుచి మన బెల్లంలో మొదటి నుండీ ఉన్నదే.

కేకు తయారుచేసే విధానం

మొదట ఖర్జూరాలను చిన్న ముక్కలుగా తరిగి ఒక గిన్నెలో వేయాలి. వాటిపై మరుగుతున్న నీళ్ళు పోసి, వంటసోడా కలిపి మూత పెట్టాలి. గిన్నె కాస్త పెద్దదిగా ఉండాలి, సోడా తగలగానే నురుగు పొంగుతుంది. 15 నుండి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఈ కేకు మెత్తదనమంతా ఈ ఇరవై నిమిషాలలో ఉంది. ఖర్జూరపు తొక్కను గట్టిగా పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. క్షారగుణం గల సోడా, వేడి నీరు కలిసి దానిని సడలిస్తాయి. ఎంత గట్టి ఖర్జూరమైనా గరిటె వెనుక భాగంతో మెదిపితే గుజ్జు అయిపోతుంది. శనగలు ఉడకనప్పుడు చిటికెడు సోడా వేసే మన ఇంటి పెద్దల ఉపాయం వెనుక ఉన్నదీ ఇదే. అయితే చెప్పిన కొలత మించితే కేకుకు సబ్బు వంటి చేదు అంటుతుంది. టీస్పూనును తలకొట్టి కొలవాలి, అంచనాతో వేయకూడదు.

ఈలోగా ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్ వద్ద పెట్టి 15 నిమిషాలు వేడెక్కనివ్వాలి. ట్రేకు లోపల వెన్న రాసి, అడుగునా అంచులకూ బటర్ పేపర్ పరచాలి. కాగితం అంచులు ట్రే బయటికి కొద్దిగా నిలిచేలా ఉంటే తరువాత కేకును పైకెత్తడం సులువు.

మెత్తబడిన వెన్నను, బెల్లం పొడిని ఒక పెద్ద పాత్రలో తీసుకుని 4, 5 నిమిషాలు బాగా గిలకొట్టాలి. బెల్లంలో ఉండలు ఉంటే అవి కేకులో గట్టి గుళికలుగా తగులుతాయి గనుక ముందే జల్లించుకోవాలి. గుడ్లు వేసేవారు ఒక్కొక్కటిగా వేస్తూ ప్రతిసారీ గిలకొట్టాలి. పెరుగు వేసేవారు దానిని ముందుగా కవ్వంతో చిలికి, రెండు మూడు విడతలుగా కలపాలి. ఈ దశలో మిశ్రమం విరిగినట్లు కనిపించినా కంగారు అక్కరలేదు, పిండి చేరగానే సర్దుకుంటుంది.

మైదా, బేకింగ్ పౌడర్, యాలకుల పొడి, శొంఠి పొడి, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి ఈ మిశ్రమంలో వేయాలి. తరువాత మెదిపిన ఖర్జూరపు గుజ్జును నీళ్ళతో సహా పోసి, గరిటెతో అడుగు నుండి పైకి తిప్పుతూ కలపాలి. పొడిపిండి కనిపించకుండా పోగానే ఆపాలి. ఎక్కువసేపు కలిపితే మైదాలోని జిగురు బలపడి కేకు రబ్బరులా సాగుతుంది. పిండి దోసెల పిండికన్నా కాస్త చిక్కగా, గరిటె నుండి జారేటట్లు ఉండాలి.

ట్రేలో పోసి, ఒకసారి నేలకు తట్టి, ఓవెన్‌లో మధ్య అరపై పెట్టాలి. గుడ్లతో చేసినది 35 నుండి 40 నిమిషాలకు, పెరుగుతో చేసినది మరో 5 నిమిషాలు అదనంగా తీసుకుని సిద్ధమవుతుంది. మొదటి 25 నిమిషాలు తలుపు తెరవరాదు. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే తడిపిండి అంటకూడదు. ఖర్జూరపు గుజ్జు కొంచెం అంటినా ఫరవాలేదు.

బెల్లపు సాస్

కేకు ఓవెన్‌లో ఉండగానే సాస్ చేసుకోవాలి. మన ఇళ్ళలో బెల్లం పరమాన్నం చేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు: మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. బెల్లంలో సహజంగా ఉండే పులుపు, లవణాలు వేడితో కలిసి చేసే పని అది. అందుకే పొయ్యి దించి, కాస్త చల్లారిన తరువాత బెల్లం కలుపుతారు. ఇంగ్లండువారు చక్కెర, వెన్న, క్రీమ్ అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి మరిగిస్తారు. మన బెల్లానికి ఆ పద్ధతి కుదరదు. వరుస మార్చుకోవాలి.

బెల్లాన్ని 4 టేబుల్ స్పూన్ల నీటితో సన్నని సెగపై కరిగించి, పలుచని గుడ్డతోనో సన్నని జల్లెడతోనో వడకట్టాలి. ఇసుక, పీచు ఉంటే అక్కడే ఆగిపోతాయి. వడకట్టిన పాకాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి 3 నిమిషాలు మరగనివ్వాలి. తీగపాకం రానక్కరలేదు. వేళ్ళ మధ్య జిగటగా తగిలితే చాలు. వెన్న వేసి కరిగించి పొయ్యి ఆపాలి. 5 నిమిషాలు ఆగిన తరువాత, ముందే బయట పెట్టి చల్లదనం పోయిన ఫ్రెష్ క్రీమ్‌ను సన్నని ధారగా పోస్తూ కలపాలి. ఉప్పు వేయాలి. ఆపైన అతి సన్నని సెగపై 2 నిమిషాలు వేడి చేస్తే చాలు, మరగనివ్వరాదు. కొవ్వు తక్కువగా ఉండే క్రీమ్ త్వరగా విరుగుతుంది గనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. చల్లారే కొద్దీ సాస్ చిక్కబడుతుంది.

కేకు ఓవెన్ నుండి దిగగానే పుల్లతో అంతటా దగ్గర దగ్గరగా రంధ్రాలు చేసి, సగం సాస్‌ను మెల్లగా పోయాలి. వేడిగా ఉన్న కేకు దానిని పీల్చుకుంటుంది. చల్లారిన తరువాత పోస్తే పైననే నిలిచిపోతుంది. 20 నిమిషాలు ఆగి, కాగితంతో పైకెత్తి, తడిపిన కత్తితో పొడవున 6, వెడల్పున 4 వరుసలుగా కోయాలి. మిగిలిన సగం సాస్‌ను వడ్డించేటప్పుడు గోరువెచ్చగా చేసి పోసుకోవాలి.

ఖర్జూరాలు లేని సమయంలో హైదరాబాదు పద్ధతిలో ఖుబానీలతో ఇదే ట్రే చేయవచ్చు. ఎండిన ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, కొద్దిపాటి చక్కెరతో మెత్తగా ఉడికిస్తే ఖుబానీ కా మీఠా తయారవుతుంది. సాదా కేకుపై సాస్‌కు బదులు దానినే పోస్తే సరిపోతుంది.

ఓవెన్ లేని ఇంట్లో

ఓవెన్ లేకపోవడం అడ్డంకి కాదు. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలోనో, బిర్యానీ వండే హండీలోనో ఒక అంగుళం మేర ఉప్పు పరచి, దానిపై చిన్న స్టాండు పెట్టి, మూత బిగించి 10 నిమిషాలు మధ్యస్థమైన సెగపై వేడి చేయాలి. పైన చెప్పిన కొలతలలో సగం తీసుకుని, ఆ గిన్నెలో పట్టే చిన్న పాత్రలో పిండిని పోసి, స్టాండుపై ఉంచి, సన్నని సెగపై 45 నుండి 50 నిమిషాలు ఉంచాలి. గుడ్లకు బదులు 100 గ్రాముల పెరుగు వేసుకుంటే సగం కొలతకు లెక్క సులువుగా కుదురుతుంది. మూత చుట్టూ ఆవిరి పోకుండా గోధుమపిండి ముద్ద అతికించడం దమ్ బిర్యానీ చేసేవారికి కొత్త కాదు. కేకుకు మాత్రం అది అక్కరలేదు, కొంత ఆవిరి బయటికి పోవాలి. నీళ్ళు లేకుండా వేడిచేస్తే ప్రెషర్ కుక్కర్ పాడయ్యే అవకాశం ఉంది గనుక మందపాటి గిన్నే మంచిది.

ఎవరికి ఎంత

బెల్లం, ఖర్జూరం రెండూ చక్కెర కన్నా మేలైనవని, మధుమేహం ఉన్నవారు కూడా నిశ్చింతగా తినవచ్చని మన కుటుంబాలలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం వల్ల నష్టపోయేది ఎక్కువగా ఇంట్లోని పెద్దవారే. బెల్లంలో కొన్ని ఖనిజాలు ఉన్న మాట నిజమే గాని, అది ప్రధానంగా చక్కెరే. రక్తంలో గ్లూకోజును అది కూడా పెంచుతుంది. ఎండిన ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి.

ఈ ట్రే లెక్కే చూద్దాము. కేకులో 175, సాస్‌లో 200, మొత్తం 375 గ్రాముల బెల్లం. దానిని 24తో భాగిస్తే ఒక్కో ముక్కకు 15 గ్రాములకు పైగా వస్తుంది. దానికి తోడు సుమారు 10 గ్రాముల ఖర్జూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం, బయటి నుండి కలిపే చక్కెర మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదు. 5 శాతం లోపల ఉంటే, అంటే పెద్దవారికి రోజుకు దాదాపు 25 గ్రాముల లోపు ఉంటే, మరింత మంచిది. ఒక్క ముక్కతోనే అందులో సగానికి పైగా పూర్తవుతుంది. టీలో వేసే చక్కెర, పండుగనాటి షీర్ ఖుర్మా ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు.

కాబట్టి ఒకరికి ఒక ముక్క. మధుమేహం ఉన్న పెద్దవారికి వైద్యుని సలహా మేరకు, సాస్ పోయని చిన్న ముక్క, అదీ భోజనంలో అన్నమో రొట్టెనో ఆ మేరకు తగ్గించుకుని. ‘తినండి అమ్మీ, ఖర్జూరమే కదా’ అని బలవంతం చేయడం ప్రేమ కాదు. వారి కోసం ఆ పూట నాలుగు బాదం పప్పులు, ఒక జామపండు ముక్కలు పళ్ళెంలో పెడితే వారు విడిగా మిగిలిపోయామని బాధపడరు.

నిలవ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. సాస్‌లో క్రీమ్ ఉంది. మన వాతావరణంలో, ముఖ్యంగా ఎండాకాలంలో, దానిని గంటకు మించి బయట ఉంచకూడదు. సాస్ పట్టిన కేకును మూత గల డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే 3 రోజులు బాగుంటుంది. దూరం పంపేటప్పుడు సాస్ పోయని ముక్కలు పంపి, సాస్‌ను చిన్న సీసాలో విడిగా ఇవ్వడం మంచిది.

పని అందరిదీ

పండుగలైనా ఉపవాసాలైనా మన ఇళ్ళలో వంటింటి బరువు స్త్రీల భుజాల మీదనే పడుతుంది. సహరీకి అందరికన్నా ముందు లేచేది, ఇఫ్తార్‌కు అందరికన్నా ఆలస్యంగా కూర్చునేది ఇంటి ఇల్లాలే. ఈ వంటకం ఆమెకు మరొక పనిగా మారకూడదు. దీనిలో దాదాపు ప్రతి దశనూ పంచుకోవచ్చు. ఖర్జూరాల గింజలు తీయడం ఏడేళ్ళ పిల్లల పని. త్రాసు చూసి కొలవడం, మైదా జల్లించడం పదేళ్ళ వారికి తగిన పని. వెన్న, బెల్లం గిలకొట్టడానికి కావలసింది చేతి బలం, అది అన్నదమ్ములది. వేడి ట్రేను దించడం, సాస్ పోయడం పెద్దవారి బాధ్యత. పాత్రలు కడగడం ఆ రోజు తండ్రి వంతు అయితే పిల్లలు నేర్చుకునే పాఠం కేకుతో ఆగిపోదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ ఇంటి పనులలో ఇంటివారికి తోడ్పడేవారన్న విషయం మన పిల్లలకు చెప్పే సందర్భం ఇంతకన్నా మంచిది దొరకదు.

కోసిన ముక్కలను పంచే పనీ పిల్లలకే ఇవ్వాలి. ఐదుగురు ఉన్న ఇంట్లో ఐదు ముక్కలు ఉంచుకుంటే 19 ముక్కలు గడప దాటుతాయి. ఎదురింటి వృద్ధ దంపతులకు రెండు, మేడ మీద అద్దెకు ఉండే విద్యార్థులకు నాలుగు, రోజూ వీధి ఊడ్చే అక్కకు, ఆమె పిల్లలకు మూడు, పక్కింటికి నాలుగు, అపార్ట్‌మెంట్ కాపలాదారు కుటుంబానికి నాలుగు, నెలకొకసారి మాత్రమే పలకరించే ఆ చివరి ఇంటికి రెండు. పులుసు వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమన్న ప్రవక్త (స) బోధనకు ఆచరణ రూపం ఇదే. హైదరాబాదు ఇళ్ళలో దీనినే ‘హిస్సా పంపడం’ అంటారు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ పళ్ళేలు ఇంటి నుండి ఇంటికి తిరుగుతాయి. మిగిలిన పదకొండు నెలలూ అవి తిరగకూడదన్న నియమం ఎక్కడా లేదు.

ముందుగా ఆ ఇళ్ళవారు ఏమి తింటారో, ఏమి తినరో, ఎవరికి చక్కెర జబ్బు ఉందో పిల్లలకు చెప్పి పంపాలి. తెలియకపోతే అడిగి రమ్మనాలి. ‘మీరు గుడ్డు తింటారా ఆంటీ?’ అని గుమ్మంలో నిలబడి వినయంగా అడిగిన పిల్లవాడు పక్కింటివారి గురించి ఏ పుస్తకమూ చెప్పని సంగతి ఒకటి నేర్చుకుంటాడు. అలా అడిగించుకున్న ఇంటివారికి కూడా మన గురించి ఒక సంగతి తెలుస్తుంది.

మన ప్రాంతంలో పొరుగింటి నుండి వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపే ఆచారం లేదు. పంపిన ఆరు పళ్ళేలూ ఒకటొకటిగా తిరిగివస్తాయి. ఒకదానిలో రెండు అరటిపళ్ళు, మరొకదానిలో చెంచాడు పంచదార, ఇంకొకదానిలో వారింటి పులిహోర ఉంటుంది. ఆ పులిహోరను ఆ పూట భోజనంలో అందరూ కలిసి తినాలి. పళ్ళెం కడిగి అందుబాటులోనే ఉంచాలి.